తెల్లగడ్డలు ఒలిచిన చేయి

కడప
ఆదివారం రాత్రి

చిన్నమ్మడూ,

పోయిన వారం ఇంటికి వచ్చినప్పుడు కాఫీ గ్లాసును చున్నీ చెంగుతో పట్టుకున్నావు. వేడిగా ఉందేమో అనుకున్నాను. మధ్యాహ్నం అన్నం కలుపుకోవడానికి చెంచా అడిగినప్పుడు అర్థమైంది. పప్పులో ఉప్పు తగిలితే పగిలిన వేళ్ళు ఎంత మండుతాయో నాకు తెలుసు. మీ నాయన ముందు అడిగితే నొచ్చుకుంటావని ఊరుకున్నాను. ఫోనులో అడిగితే "చలికి పగిలాయిలే అమ్మా" అని మాట దాటవేశావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నా ఎడమ చేతి బొటనవేలి మీది మచ్చ గురించి చిన్నప్పుడు ఎన్నోసార్లు అడిగేదానివి. బాణలిలో నూనె చిందిందని చెప్పాను. అది నిజం కాదు తల్లీ.

మనం హోటల్ పెట్టిన కొత్తలో కారం దోశకు కావలసిన ఎర్రకారం అంతా నేనే చేసేదాన్ని. రోజూ సాయంత్రం కూర్చుని రెండు కిలోల తెల్లగడ్డలు ఒలవడం, నానబెట్టిన ఎండుమిరపకాయలు రుబ్బడం, ఆ తర్వాత గిన్నెల సబ్బులో మోచేతుల దాకా తడవడం. ఆరు నెలలు తిరిగేసరికి ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఈ మూడింటి కొనలు దురదపెట్టి, గట్టిపడి, చీలిపోయాయి. చూసినవాళ్ళంతా తామర అన్నారు. నేనూ నమ్మాను.

మీ జేజి వేపాకు, పసుపు నూరి పట్టు వేసింది. తడిగా ఉన్నంతసేపు హాయిగా ఉండేది. ఆరాక బిగుసుకుని, కడిగేటప్పుడు చీలికలు ఇంకా తెరుచుకునేవి. ఒకరు నిమ్మరసంలో ఉప్పు కలిపి రుద్దమన్నారు, ఇంకొకరు కిరోసిన్ రాయమన్నారు. మందుల షాపులో అడిగి తామర పూత తెచ్చుకుంటే నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి, మానేసిన వారానికి రెట్టింపై తిరిగి వచ్చింది. చివరికి పక్కవీధి పెద్దావిడ, తామరను చంపేది తెల్లగడ్డేనని, నూరి గుడ్డతో కట్టుకుని పడుకోమని చెప్పింది. కట్టుకున్నాను. నడిరాత్రికి వేలి మీద నిప్పుకణిక పెట్టినట్టయింది. మందు పని చేస్తోందనుకుని పళ్ళు బిగించి భరించాను. తెల్లవారి గుడ్డ విప్పితే దానితోపాటు తోలు కూడా ఊడి వచ్చింది. ఆ మచ్చ అదే.

దానికన్నా బాధపెట్టింది మరొకటి ఉంది. రోజూ వచ్చే ఒకాయన నేను చిల్లర ఇవ్వబోతే చేయి వెనక్కి తీసుకుని, బల్ల మీద పెట్టమన్నాడు. ఆ రోజు నుంచి నేను కొంగు చాటున చేతులు దాచుకున్నాను. నువ్వు చున్నీ చాటున దాచుకుంటుంటే నా కడుపులో ఎవరో చేయిపెట్టి దేవినట్టయింది.

రెండేళ్ళ తర్వాత చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. నా రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసి ఒకే మాట అడిగింది: "తెల్లగడ్డ ఏ చేత్తో పట్టుకుని ఒలుస్తావు?" కత్తి కుడిచేతిలో, తెల్లగడ్డ ఎడమచేతి మూడువేళ్ళ మధ్య. ఏది నన్ను తింటోందో దాన్నే నూరి కట్టుకున్నాను! ఇది తామర కాదు, ఎగ్జిమా, అంటే పడనిది తగిలి చర్మం రేగి పగలడం అని చెప్పింది. తామర బూజు జాతి వల్ల వస్తుంది, అంటుకుంటుంది. ఇది ఎవరికీ అంటదు. అమ్మడూ, ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకో. నీ చేతుల వల్ల నీ రూములో పిల్లలకు గానీ, వార్డులో రోగులకు గానీ ఎగ్జిమా రాదు.

తెల్లగడ్డ ఘాటు మామూలు రబ్బరు తొడుగుల గుండా కూడా లోపలికి పోతుందట. అందుకే ఆ పని పూర్తిగా మానేసి మీ నాయనకు అప్పగించాను. నీకు తెల్లగడ్డ కాదు, వార్డులో మాటిమాటికీ చేతులు కడుక్కునే నీళ్ళూ సబ్బూ కారణమై ఉండాలి. పైగా హాస్టల్లో బోరునీళ్ళు, నురగ రాదని సబ్బు ఎక్కువ రుద్దుతావు. మొన్న ఆ డాక్టరమ్మను నీ గురించి అడిగాను. చేతికి మురికి కనిపించనప్పుడు మాటిమాటికీ సబ్బుతో కడగడం కన్నా, మాయిశ్చరైజర్ కలిసిన శానిటైజరే చర్మానికి తక్కువ చేటు అంది. చీలికల మీద మండుతుంది, ఆ మంట చూసి అదే చెడ్డదని అనుకోవద్దంది. ఎప్పుడు ఏది వాడాలో మీ మేడమ్‌ను అడుగు.

ఇంటి వైద్యమంతా తప్పని నేను అనను. మీ జేజి కొబ్బరినూనె నన్ను నిజంగా ఆదుకుంది. అయితే పొడి చేతికి కాదు. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, తుడిచీ తుడవనట్టు అద్దుకుని, ఆ చెమ్మ ఆరకముందే రాయాలి. రాత్రి వాజిలీన్ మందంగా పట్టించి నూలు తొడుగులు వేసుకుని పడుకుంటే పొద్దుటికి తోలు మెత్తబడుతుంది. కలబంద కొందరికి పడుతుంది, కొందరికి దురద పెంచుతుంది. ముందు మోచేతి లోపలివైపు కొంచెం రాసి రెండు రోజులు చూడు. నిమ్మ, ఉప్పు, తెల్లగడ్డ, కిరోసిన్, వీటి జోలికి మాత్రం ఎవరు చెప్పినా పోవద్దు.

వారం పదిరోజుల్లో తగ్గకపోతే చర్మ డాక్టరుకు చూపించు. చీము పట్టినా, పసుపుపచ్చని చెక్కు కట్టినా, జ్వరం వచ్చినా ఆ రోజే వెళ్ళు. స్టెరాయిడ్ పూత రాసిస్తే ఆ పేరుకు భయపడకు. చెప్పినన్ని రోజులే, చెప్పినంతే వాడు. చూపుడువేలి చివరి కణుపు పొడవున పిండితే అర గ్రాము వస్తుంది, ఒక చేతికి ముందూ వెనకా సరిపోతుంది. ఇవన్నీ నీ పుస్తకాల్లో ఉండే ఉంటాయి. చదివింది రోగికి చెప్పడం వేరు, తన చేతికి చేసుకోవడం వేరు కదా.

రేపు ఉదయం కర్నూలు బస్సులో పొట్లం పంపుతున్నాను. రెండు జతల నూలు తొడుగులు, నూనె సీసా, వాజిలీన్ ఉన్నాయి. కింద నువ్వుండలు పెట్టాను, వేలికి ఉప్పూ కారం తగలకుండా తినొచ్చని.

జేజి ఇచ్చిన ఉంగరం తీసి పెట్టెలో పెట్టు. దాని కింద సబ్బు నిలిచిపోతుంది, మొదట పగిలేది అక్కడే. జేజి ఏమీ అనుకోదు, నేను అడిగే రాస్తున్నాను.

మీ అమ్మ