ఆ కాగితాలు పిల్లలకి కూడా చూపించండి

సంపాదకుల వారికి,

నమస్కారం. ఆగస్టు 29 దగ్గర పడుతోంది. గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతికి మా పర్లాకిమిడి వైపు కూడా పిల్లలకి పోటీలు పెడుతుంటారు. అందులో ఒకటి, చదివిన పుస్తకం మీద స్పందన రాయడం. పెట్టడం సంతోషమే. నా బాధ పోటీ అయ్యాక జరిగేదాని గురించి. నిరుడు ఒక పోటీకి మా పిల్లల్ని తీసుకెళ్లాను. కాగితాలు పట్టుకెళ్లారు, సాయంత్రం ముగ్గురి పేర్లు చదివారు, శాలువాలూ ఫోటోలూ అయ్యాయి. మొదటి బహుమతి పిల్ల ఏం రాసిందో హాల్లో ఒక్కరికీ తెలీదు. చూపించమంటే, "కట్ట కట్టేశామమ్మా" అన్నారు. గెలవని పిల్లలు ఏం తెలుసుకుని ఇంటికొచ్చారంటే, సమోసా బాగుందని.

ఆదివారాలు మా అరుగు మీద 14 మందికి తెలుగు చెబుతాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఒడియాలో ఎ, ఏలకి ఒకటే అక్షరం. ఒ, ఓలకీ అంతే. అందుకని వీళ్ల రాతలో ఎలుక ‘ఏలుక’ అవుతుంది, ఒకడు ‘ఓకడు’ అవుతాడు. ఎర్రపెన్ను పట్టుకున్న పెద్దవాళ్లం ఆ దీర్ఘాల దగ్గరే ఆగిపోతాం. నేనూ చాలాకాలం అక్కడే ఆగాను.

ఈ వేసవిలో అందరికీ ఒకే కథ ఇచ్చాను. పని కోసం ఇంటికి తాళం వేసి ఊరు విడిచే కుటుంబం కథ. రాసినవి దిద్దకుండా ఒకరి నోటుబుక్కు ఒకరికిచ్చి చదవమన్నాను. 13 పుస్తకాలు ‘ఈ కథ చాలా బాగుంది, ఇందులో మంచి నీతి ఉంది’ అనే మొదలయ్యాయి. వరసగా నాలుగు చదివేసరికి వాళ్లకే నవ్వొచ్చింది. ఆ వాక్యం వద్దని నేను ఏడాదిగా మొత్తుకున్నా ఎక్కలేదు మరి! మిగిలిన ఒక్కటీ ఏడో తరగతి పిల్లది. ఆరే లైన్లు, నిండా తప్పులు. "తాళం వేశారని రాశారు. పిల్లిని లోపల ఉంచి వేశారా, బయట ఉంచి వేశారా? మా పెదనాన్న వాళ్లు సూరత్ వెళ్లినప్పుడు కుక్క బస్సు దాకా వచ్చింది." కథ మొదట్లో పిల్లి ఉంది, తర్వాత లేదు. అది నేనూ చూసుకోలేదు. ఆ పుస్తకం చేతులు మారుతుంటే తొమ్మిదో తరగతి కుర్రాడు, "ఇలా కూడా రాయొచ్చేటి, పిన్నీ?" అన్నాడు.

పై వారం కొత్త కథ ఇస్తే సగం మంది జంతువుల గురించే అడిగారు. ఒకడైతే కథలో లేని ఆవుని కూడా వెతికాడు. చూచిరాత అని కేకలేయబోయి ఊరుకున్నాను. మూడో వారానికి జంతువులు తగ్గాయి. కథ మొత్తమ్మీద తండ్రి ఒక్క మాటా మాట్లాడలేదని ఒకడు పట్టుకున్నాడు. ఇంకో పిల్ల నచ్చలేదని రాసి, ఎక్కడ నచ్చలేదో పేజీ నంబరు వేసింది. అక్షరదోషాలు పోలేదు. కానీ పక్కవాడు "ఇదేటి?" అంటే అప్పటికప్పుడు దిద్దుకుంటున్నారు.

పంతులుగారు ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పారు, నోట్లో ఉన్న తెలుగు కాగితం మీదికి రావాలని పోరాడారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయనా ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పేరు మీద పెట్టే పోటీలో మార్కులు పిల్లి గురించి అడిగిన వాక్యానికి పడుతున్నాయో, ‘ఈ గ్రంథము మిక్కిలి ప్రశంసనీయము’ అన్న బట్టీ వాక్యానికి పడుతున్నాయో, కట్ట విప్పితే కదా తెలిసేది.

అందుకని నిర్వాహకులకి నా మనవి. బహుమతులకి ముందు ఒక గంట, పేరున్న మూల మడిచి, కాగితాలన్నీ తాడుకి తగిలించండి. గెలిచినవే కాదు, అన్నీ. పిల్లలు సిగ్గుపడతారని ఒకరన్నారు. మా దగ్గరా మొదటి రోజు ఒక పిల్ల తన పుస్తకం మీద కూర్చుంది. రెండో వారం తనే ముందు అందించింది. మీ పత్రిక కూడా పిల్లల పేజీలో నెలకొకసారి, ఒకే పుస్తకం మీద ఇద్దరు రాసినవి పక్కపక్కన వేస్తే బాగుంటుంది. వాళ్ల ఫోటోలు వేయకపోయినా పర్వాలేదు.

మా 14 మందీ ఈసారీ వస్తారు. తాడూ, బట్టల క్లిప్పులూ నేను తెస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా