కౌజు పిల్లల కింద పేపరు పరచొద్దని రాయండి

సంపాదకులకు నమస్కారం.

కౌజు పిట్టల పెంపకం గురించి పేపర్లలో తరచూ వ్యాసాలు వస్తున్నాయి. 5 వారాలకే అమ్ముకోవచ్చని, ఆరేడు వారాలకల్లా గుడ్లు మొదలవుతాయని, కాస్త చోటున్నా చాలని రాస్తారు. అందులో అబద్ధమేం లేదు. కానీ పిల్ల గుడ్డు పగలగొట్టుకుని బయటపడే రోజు గురించి, ఆ తర్వాత దాని కాళ్ల గురించి ఒక్క ముక్క ఉండదు. పైగా పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెలో, అదే బ్రూడర్‌లో, పాత న్యూస్‌పేపర్లు పరవమని సలహా ఒకటి. పేపరు నడిపే మీతో అనకూడదు గానీ, కౌజు పిల్ల కాళ్లకి పేపరును మించిన శత్రువు లేదు.

తెనాలి దగ్గర పల్లెలో ఇంటి వెనక గదిలో గుడ్లు పొదిగే మిషను (ఇంక్యుబేటర్) పెట్టుకుని పిల్లల్ని తీసి అమ్ముతుంటాను. కొనుక్కెళ్లినవాళ్లు ఫోన్ చేసి చెప్పేది చాలాసార్లు ఒకటే. "అక్కా, ఒక పిల్ల లేవట్లేదు, కాళ్లు రెండూ చెరో పక్కకి బార్లా చాపేసింది." కింద ఏం పరిచావంటే పేపరే అంటారు. పుట్టిన పిల్ల ఏడెనిమిది గ్రాములుంటుంది. నున్నటి కాగితం మీద దాని గోళ్లకు పట్టు దొరకదు, లేవబోయినప్పుడల్లా జారుతుంది, కాళ్లు అలాగే ఎడంగా ఉండిపోతాయి. అలమరాల్లో పరిచే గరుకు రబ్బరు మ్యాట్ గానీ ముతక గుడ్డ గానీ వేస్తే ఈ బాధ చాలావరకు ఉండదు. పోగులు లేచిన టవలు మాత్రం వద్దు, గోళ్లు చిక్కుకుంటాయి.

అప్పటికే కాళ్లు జారిపోతే మొదటి రోజో రెండో రోజో పట్టుకోవాలి. మందుల షాపులో దొరికే మైక్రోపోర్ టేపును సన్నటి పీలికలా కత్తిరించి, రెండు కాళ్లకీ మోకీలు కింద చుట్టి, మధ్యలో అతికించాలి. మామూలు పిల్ల నిలబడ్డప్పుడు కాళ్ల మధ్య ఎంత ఎడం ఉంటుందో అంతే ఉంచాలి. బిగించి కట్టకూడదు. కట్టిన పిల్ల ముందు బోర్లా పడుతుంది, కిచకిచమని గోల చేస్తుంది. చూసేవాళ్లకి ప్రాణం ఒప్పదు, అయినా వెంటనే విప్పకూడదు. కాసేపటికి లేచి గెంతడం నేర్చుకుంటుంది. పిల్ల పెరుగుతున్నకొద్దీ టేపు బిగుసుకుంటుంది కాబట్టి రోజూ విప్పి చూసి మళ్లీ కట్టాలి. సాధారణంగా రెండు మూడు రోజులకి సరిపోతుంది. నీళ్ల పళ్లెంలో గోళీలు వేయడం మరిచిపోవద్దు. కాళ్లు కట్టి ఉన్న పిల్ల మూతలో నీళ్లలోనైనా మునిగిపోతుంది.

వేళ్లు ముడుచుకుపోవడం వేరే సంగతి. తల్లి పిట్టల దాణాలో బి2 విటమిన్ తగ్గినా అలా అవుతుంది. వేళ్లు చాపి అట్టముక్క మీద టేపుతో అంటించి, నీళ్లలో బి కాంప్లెక్స్ కలపాలి. ఇక మోకీలు వాచి నరం పక్కకి జారి కాలు మెలితిరిగిందంటే అది టేపుతో బాగయ్యేది కాదు. దాణాలో మాంగనీసు, కోలిన్ లోపం వల్ల వచ్చే చిక్కది. గుడ్లు పెట్టే (లేయర్) కోళ్ల దాణా తెచ్చి పోసేవాళ్లు ఇది గమనించాలి. కౌజు పిల్లలకి మొదట్లో 24 శాతానికి తగ్గకుండా ప్రొటీన్ ఉన్న దాణా కావాలి.

గుడ్డు దగ్గర తొందర ఇంకా ఎక్కువ. పెంపుడు కౌజు సాధారణంగా పొదగదు, అందుకే మిషను. 17, 18 రోజుల్లో పిల్ల వస్తుంది. ముందు చిన్న చిల్లు పెడుతుంది, ఆ తర్వాత గంటల తరబడి ఉలుకూ పలుకూ ఉండదు. చచ్చిపోయిందేమోనని టెన్షన్ పడి పెంకు ఒలిచేస్తారు. లోపల అది మిగిలిన పచ్చసొనని పొట్టలోకి లాక్కుంటూ ఉంటుంది, పెంకు లోపలి పొర నరాల్లో రక్తం ఇంకా ఆడుతూ ఉంటుంది. ఒలిస్తే రక్తం కారి పిల్ల చచ్చిపోతుంది. అసలు మిషను మూత తీయడమే తప్పు, తీసినప్పుడల్లా తేమ పోయి పొర ఎండి పిల్లకి బిగుసుకుంటుంది. పొదుగుకోడి కింద చెయ్యి పెట్టిన ముండకి పిల్లలు దక్కవని మా అత్తగారు తిడుతుండేవారు. మిషనుకీ ఆ తిట్టు వర్తిస్తుంది.

చిల్లు పడి ఒక రోజు దాటినా పెరగకుండా, పొర కాగితంలా తెల్లగా ఎండిపోతే అప్పుడు సాయం చెయ్యొచ్చు. ఇయర్‌బడ్‌ను గోరువెచ్చని నీళ్లలో ముంచి పొరను తడపాలి, ముక్కురంధ్రాల జోలికి పోకుండా. చిల్లు దగ్గర్నుంచి గుడ్డు లావుపాటి వైపు చుట్టూ పెంకు కొద్దికొద్దిగా తీయాలి. ఎర్రటి నరం కనబడితే అక్కడే ఆపి మళ్లీ మిషన్లో పెట్టేయాలి. టోపీలా పైభాగం ఊడితే చాలు, మిగతాది అదే తన్నుకుని వస్తుంది. ఇలా తీసినవన్నీ బతకవు. బతికినవాటిని మాంసానికే ఉంచుతాను, గుడ్లకి, పిల్లలకి వాడను.

మండలంలో పశువుల డాక్టరు గారికి గేదెలతో, మేకలతోనే తీరిక ఉండదు. ఈ పిట్టపిల్లని ఎవరి దగ్గరికి తీసుకెళ్తాం? అందుకే మీ వ్యవసాయ పేజీలో ఒకసారి దీనికి చోటివ్వండి. కాలికి టేపు కట్టే తీరు మాటల్లో సరిగ్గా అర్థం కాదు, బొమ్మ గీయించి వేయండి, పిల్ల అసలు సైజులోనే.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి