గైరోకాప్టర్ రైడ్ రద్దు చేశాను, హెలికాప్టర్ వద్దన్నాను: ఎందుకో మీకు చెప్పాలి

మా దగ్గర ఏళ్ల తరబడి టికెట్లు తీసుకుంటున్న మీ అందరికీ నమస్కారం.

సంక్రాంతికి మన వాట్సాప్ గ్రూపులో నేను పెట్టిన కరపత్రం గుర్తుండే ఉంటుంది. "ఈ వేసవిలో మన చిత్తూరు జిల్లాలోనే గైరోకాప్టర్ రైడ్! హెలికాప్టర్ కంటే పదింతలు భద్రం, ఇంజన్ ఆగినా భయం లేదు" అని రాశాను. గైరోకాప్టర్ అంటే హెలికాప్టర్‌లా పైన రెక్కలు తిరిగే చిన్న ఎగిరే బండి. సీటుకు 2,000 రూపాయలు అడ్వాన్సు పెడితే 19 కుటుంబాలు 43 సీట్లు రాయించుకున్నాయి. ఆ రైడ్ జరగడం లేదు. వాయిదా కాదు, రద్దు. 40 సీట్ల డబ్బు వెనక్కి ఇచ్చేశాను. మూడు సీట్ల డబ్బు ఇంకా నా దగ్గరే ఉంది, ఆ సంగతి చివర్లో చెబుతాను.

ఇంతటితో ఆపేద్దామనుకున్నాను. కానీ గ్రూపులో ఒకరు "హెలికాప్టర్ ఇస్తామంటే కూడా వద్దన్నాడంట, ఇందులో ఏదో ఉంది" అని రాశారు. దాని కింద ఇంకొకరు "డబ్బు తినేశాడు" అని రాశారు. కాణిపాకానికీ, కాళహస్తికీ, పౌర్ణమి పౌర్ణమికీ అరుణాచలానికీ పదిహేడేళ్లుగా మిమ్మల్ని తీసుకెళ్లి క్షేమంగా ఇంటికి చేరుస్తున్నాను. ఆ మాట చదివి ఆ రోజు అన్నం సహించలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకు ఈ గైరో పిచ్చి పట్టింది హరిద్వార్‌లో. మన బస్సు అక్కడికి వెళ్లినప్పుడు మీలో సగం మంది మనసాదేవి గుడి రోప్‌వే క్యూలో ఉన్నారు. నేను ఆ సందులో వెళ్లి గైరోకాప్టర్ ఎక్కాను. (అక్కడ నడిపేవాళ్లకూ, ఈ రైడ్ పేరుతో నన్ను ముంచిన కంపెనీకీ ఏ సంబంధమూ లేదు.) ముందు సీట్లో పైలట్, వెనక నేను. తలుపు లేదు, పైకప్పు లేదు. కాస్త దూరం పరుగెత్తి లేచిపోయింది. హెలికాప్టర్ నేను కేదార్‌నాథ్‌లో రెండుసార్లు ఎక్కాను. అందులో కిటికీ లోంచి చూస్తాం, అంతే. ఇందులో బండి మీద భాకరాపేట ఘాట్ దిగుతున్నట్టు గాలి ముఖానికి కొడుతుంది, కాళ్ల పక్కనే గంగ కనిపిస్తుంది. యాభై రెండేళ్ల వయసులో గట్టిగా కేక వేశాను.

పైకి వెళ్లాక పైలట్ చెయ్యెత్తి చూడమన్నట్టు సైగ చేసి, ఇంజన్ వేగం పూర్తిగా తగ్గించేశాడు. నా ప్రాణం పోయినంత పనైంది. కానీ బండి రాయిలా పడలేదు. పైన రెక్కలు తిరుగుతూనే ఉన్నాయి. ఎండాకాలం తలకోన అడవిలో జాలారి కాయలు రాలడం చూశారా? రెక్కలతో గిరగిరా తిరుగుతూ, తొందర లేకుండా దిగుతాయి. అలాగే దిగాం. కొంత దిగాక మళ్లీ ఇంజన్ పెంచి పైకి తీసుకెళ్లాడు.

దీని కిటుకు మన పిల్లలు ఆడుకునే తాటాకు గిరకలో ఉంది. హెలికాప్టర్ రెక్కలు సీలింగ్ ఫ్యాను లాంటివి, ఇంజన్ తిప్పితేనే తిరుగుతాయి. గైరో రెక్కలు గిరక లాంటివి. ఎగిరేటప్పుడు ఇంజన్ వాటిని తిప్పదు. ఇంజన్ పని వెనకున్న ప్రొపెల్లరుతో బండిని ముందుకు తోయడం వరకే. ముందుకు వెళ్తుంటే కింది నుంచి వచ్చే గాలికి పై రెక్కలు వాటంతట అవే తిరుగుతాయి. ఇంజన్ ఆగినా, దిగుతున్నంతసేపూ కింది నుంచి గాలి తగులుతూనే ఉంటుంది కాబట్టి అవి ఆగవు. ఈ ఒక్క సంగతికే నేను పడిపోయాను. మన ఊరి వాళ్లకు చూపించాలనిపించింది.

ఇక కంపెనీ సంగతి. పేరు రాయను. బయటి రాష్ట్రం వాళ్లు. ఫిబ్రవరిలో బండి వస్తుందన్నారు, నా చేత 60,000 రూపాయలు కట్టించుకున్నారు. ఫిబ్రవరి పోయింది. "ఒక విడిభాగం పోర్టులో ఆగింది" అన్నారు. మార్చిలో "పైలట్‌కు ఆరోగ్యం బాగాలేదు" అన్నారు. ఒక ఆదివారం పలమనేరు అవతల రన్‌వేకి అనుకున్న పొలం చూడ్డానికి వస్తామన్నారు. పొలం యజమానిని పొద్దున ఆరింటికే పిలిచి కూర్చోబెట్టాను. మధ్యాహ్నం రెండు దాకా మామిడిచెట్టు కింద ఇద్దరం కూర్చున్నాం. ఫోను ఎత్తలేదు. ఆయన పెద్దమనిషి, ఒక్క మాట అనలేదు. లేచి వెళ్లేటప్పుడు "అన్నం తిన్నావా నాయనా" అని మాత్రం అడిగాడు. తిట్టినా బాగుండేది.

ఏప్రిల్‌లో వాళ్లే ఫోన్ చేశారు. "గైరో కుదరదు. అంతకంటే మంచిది ఇస్తున్నాం. హెలికాప్టర్. ఎనిమిది నిమిషాలు, మనిషికి 6,500. సీటుకు వెయ్యి మీకు. మీ 60,000 అందులో సర్దుతాం" అన్నారు. ఒక్క శని ఆదివారాల్లో రెండు వందల సీట్లు నిండుతాయని నాకు తెలుసు. అంటే రెండు లక్షలు. నా ఆఫీసు ఎంతదో, నా ఆదాయం ఎంతో మీకు తెలుసు. మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. మా ఆవిడ కూడా "జనం హెలికాప్టరే కదా అడిగేది, నీ గైరో ఎవరికి కావాలి" అంది. నిజమే. మీలో చాలామందికి హెలికాప్టర్ ఇస్తే సంతోషమే.

హెలికాప్టర్ చెడ్డదని నేను అనలేదు, అనను. అది చేసే పని గైరో చేయలేదు. గాలిలో ఒకచోట నిలబడగలదు, ఉన్నచోటు నుంచి నిట్టనిలువునా లేవగలదు. వరదల్లో మనుషుల్ని ఇళ్ల కప్పుల మీంచి తీసేది అదే. ఇంజన్ ఆగితే దానికీ దారి ఉంది. పైలట్ ఒకటి రెండు సెకన్లలో రెక్కల కోణం తగ్గించేస్తే, కింది గాలికి రెక్కలు తిరుగుతూ అచ్చం గైరోలాగే దిగుతుంది. చిక్కు ఆ ఒకటి రెండు సెకన్లలోనే ఉంది. ఒకే ఇంజన్ ఉన్న హెలికాప్టర్ తక్కువ ఎత్తులో కదలకుండా నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ ఆగిపోతే, ఎంత మంచి పైలట్‌కైనా కష్టమే.

కానీ నేను వద్దన్నది అందుకు కాదు. నాలుగో రోజు కంపెనీకి ఫోన్ చేసి ఐదు ప్రశ్నలు అడిగాను. ఎక్కడి నుంచి లేస్తుంది, అనుమతి కాగితం నకలు ఇస్తారా, పైలట్‌కు ఎంత అనుభవం ఉంది, ఎక్కినవాళ్లకు బీమా ఉందా. వీటికి "అవన్నీ మేం చూసుకుంటాం సార్" అన్నారు. ఐదోది: మబ్బు పట్టినా, ఈదురుగాలి లేచినా రైడ్ ఆపే అధికారం ఎవరిది? దానికి వచ్చిన జవాబు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "రోజు అద్దె కట్టాక రోజంతా ఎగరాల్సిందే సార్, లేకపోతే ఎవరికి గిట్టుతుంది?"

అక్కడే నా మనసు మూసుకుపోయింది. 2009 సెప్టెంబర్ 2న రాజశేఖరరెడ్డి గారు బయలుదేరింది ఎక్కడికి? మన చిత్తూరు జిల్లాకే, రచ్చబండకి. ఆయన హెలికాప్టర్ వానలో నల్లమల దాటలేదు. ఆ రోజు ఆయన కోసం ఎదురుచూసిన వాళ్లలో మా చుట్టాలు కూడా ఉన్నారు. కేదార్‌నాథ్ దారిలో 2022 అక్టోబరులో ఏడుగురు, 2025 జూన్‌లో మళ్లీ ఏడుగురు హెలికాప్టర్ కూలి పోయారు. కొండల్లో మబ్బు కమ్మితే ఎలా ఉంటుందో అక్కడికి నాతో వచ్చినవాళ్లకు తెలుసు. (సౌందర్య గారిదీ హెలికాప్టరే కదా అని ఒకమ్మ అడిగారు. కాదమ్మా, 2004లో బెంగళూరులో కూలింది చిన్న విమానం.) గైరోను కనిపెట్టిన స్పెయిన్ ఇంజనీరు హువాన్ దె లా సియెర్వా గురించి చదివినప్పుడూ ఇదే తగిలింది. 1919లో తాను తయారుచేసిన పెద్ద విమానం వేగం తగ్గి కూలిపోతే, వేగం తగ్గినా కూలనిది చేయాలని పట్టుబట్టి 1923 జనవరిలో మాడ్రిడ్ దగ్గర గైరోను ఎగిరేలా చేశాడు. ఆయన చనిపోయింది గైరోలో కాదు. 1936 డిసెంబరులో లండన్ దగ్గర క్రాయిడన్‌లో, పొగమంచులో లేచిన మామూలు ప్రయాణికుల విమానంలో. ఏ బండైనా కానీ, "ఈ రోజు వద్దు" అనే మనిషి లేకపోతే నేను మిమ్మల్ని ఎక్కించను.

ఆ తర్వాత వాళ్లు పంపిన కొత్త కరపత్రంలో "ఏడుకొండల ఆకాశ దర్శనం" అని కూడా ఉంది. తిరుమల మీదుగా ఏవీ ఎగరకూడదని టీటీడీ కేంద్రాన్ని ఎన్నిసార్లు కోరిందో తిరుపతిలో పుట్టిన ఎవరికైనా తెలుసు. ఒక పక్క స్వామి కొండ, ఒక పక్క రేణిగుంట విమానాశ్రయం, అటు తూర్పున శ్రీహరికోట. అందుకే నేను పలమనేరు దాకా పోయి పొలం వెతికింది. గర్భగుడి మీద ఎగిరే టికెట్టు మీద నా ట్రావెల్స్ పేరు ఉండదు. రెండు లక్షలు కాదు, రెండు కోట్లిచ్చినా ఉండదు.

ఇప్పుడు నా తప్పు. "పదింతలు భద్రం" అని కరపత్రంలో రాశానే, ఆ మాట ఆ కంపెనీ వాళ్లు చెప్పింది. నేను విచారించకుండా మీకు చెప్పాను. ఆ మూడు రాత్రుల్లో కూర్చుని చదివాక తెలిసింది, అది తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను.

గైరో ఇంజన్ ఆగినందుకు పడదు, అది నిజం. కానీ దానికి వేరే ప్రమాదం ఉంది. రెక్కలు తిరగాలంటే బండి బరువు వాటికి వేలాడుతూ ఉండాలి. పైలట్ ముక్కును ఒక్కసారిగా కిందికి తోస్తే, స్పీడ్ బ్రేకర్ మీద బస్సు వెనక సీట్లో మనం సీటు వదిలి లేచినట్టు, బరువు ఒక్క క్షణం తేలిపోతుంది. రెక్కల వేగం పడిపోతుంది. అదే క్షణంలో వెనక ప్రొపెల్లరు తోస్తూనే ఉంటే బండి ముందుకు పల్టీ కొడుతుంది. ఇక దాన్ని కాపాడటం ఎవరి వల్లా కాదు. విమానం నడిపిన అలవాటుతో గైరో ఎక్కినవాళ్లూ, ఇంట్లో తయారుచేసుకుని సరైన శిక్షణ లేకుండా ఎగిరినవాళ్లూ ఇలా ఎందరో పోయారు. బ్రిటన్‌లో గ్లాస్గో యూనివర్సిటీ వాళ్లు దీన్ని పరిశోధించి, ప్రొపెల్లరు తోసే బలం వెళ్లే గీత బండి బరువు కేంద్రానికి (బరువంతా సమంగా తూగే చోటుకు) రెండు అంగుళాల లోపే ఉండాలని తేల్చారు. రెండు అంగుళాలు! నేను ఆ కంపెనీని బండి రంగు ఏంటని అడిగాను గానీ ఈ ప్రశ్న అడగలేదు.

ఇంకా చిన్నవి ఉన్నాయి, చిన్నవని తీసేయడానికి లేదు. ప్రొపెల్లరు వీపు వెనకే ఉంటుంది కాబట్టి చున్నీ, కండువా, టోపీ, చేతిలో సెల్‌ఫోన్ ఏది ఎగిరినా నేరుగా దాన్ని తగులుతుంది. సెల్ఫీ కోసమే వస్తామన్న పిల్లలు ముగ్గురున్నారు మన లిస్టులో. ఇంజన్ ఆగితే మెల్లగా దిగుతుంది సరే, దిగడానికి కింద చోటుండాలి. శేషాచలం అడవి మీద చోటెక్కడుంది? పొలాల మీదైతే కరెంటు తీగలు.

ఇన్ని తెలిశాక కూడా గైరో మీద నా మనసు విరగలేదు. మంచి పైలట్, మంచి బండి, వెడల్పాటి మైదానం, పొద్దున చల్లటి గాలి ఉంటే మళ్లీ ఎక్కుతాను. మిమ్మల్నీ ఎక్కిస్తాను. ఆ ఐదు ప్రశ్నలకూ కాగితం మీద జవాబిచ్చేవాళ్లు దొరికేదాకా మాత్రం అడ్వాన్సు తీసుకోను. దొరికితే మొదటి రైడ్ నేను ఎక్కి దిగాక, మా అబ్బాయి ఎక్కి దిగాక, అప్పుడు మీ పేరు రాసుకుంటాను. "హెలికాప్టర్ వదిలేసిన మొండివాడు" అని ఎవరైనా అంటే అననివ్వండి.

డబ్బు లెక్క: మీ దగ్గర వచ్చింది 86,000. కంపెనీకి పోయింది 60,000, ఇంకా తిరిగి రాలేదు, లాయరు నోటీసు పంపాను. అది మీకు సంబంధం లేని నష్టం. ఆఫీసుకు ఏసీ పెట్టించాలని దాచినదాంట్లోంచి మీకు ఇచ్చేశాను. ఈ ఎండల్లో వచ్చినవాళ్లు ఫ్యాను కిందే కూర్చోవాలి, క్షమించండి. ఎవరికి ఏ తేదీన ఎంత ఇచ్చానో సంతకాలతో రిజిస్టరు టేబుల్ మీద పెట్టాను. "తినేశాడు" అని రాసినాయన కూడా వచ్చి చూడొచ్చు, కాఫీ ఇస్తాను.

పౌర్ణమి అరుణాచలం బస్సు ఎప్పటిలాగే మధ్యాహ్నం బయలుదేరుతుంది, ఛార్జీ పెంచలేదు.

మిగిలిన మూడు సీట్లు: తన కోసమూ మనవడి కోసమూ రెండు సీట్లు రాయించుకున్న రిటైర్డ్ టీచరు గారు, మీ నంబరు పనిచేయడం లేదు. మీ 4,000 కవర్లో పెట్టి ఉంచాను. ఇంకొక సీటు ఫిబ్రవరిలో పూతలపట్టు నుంచి వచ్చి నగదు కట్టి వెళ్లిన కుర్రాడిది. పేరు సరిగా రాసుకోలేదు, అది నా తప్పు. బాబూ, రసీదు పోయినా పర్వాలేదు. ముఖం నాకు గుర్తుంది, వచ్చి తీసుకెళ్లు.