చిట్టి గోళ్ల గురించి నాన్నగారికి

రోచెస్టర్,
న్యూయార్క్ రాష్ట్రం.

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ మేమందరం క్షేమం. మంచు ఇంకా కురుస్తూనే ఉంది. నా ఉద్యోగం ఎప్పటిలాగే సాగుతున్నది, దాని గురించి బెంగ పెట్టుకోకండి. నా బెంగంతా అమ్మ పాదం మీది గీత గురించే. గులాబి ముల్లు గీసుకున్నదని అమ్మ నాతో అన్నది గానీ, మన కుక్క చిట్టి ఆనందంతో మీదికి ఎగిరినప్పుడు దాని గోరు దిగిందని పెద్దమ్మ చెప్పింది. షుగరు ఉన్న మనిషికి కాలి పుండు మానడం ఎంత కష్టమో తాతయ్య విషయంలో చూశాము కదా! ఇకముందు చిట్టి గోరు ఎవరికి గీసుకున్నా వెంటనే సబ్బు పెట్టి, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, టీకాలు వేయించిన కుక్కే కదా అని ఊరుకోకుండా డాక్టరుకు చూపించండి. అమ్మ పాదాన్ని ఫోటో తీసి రేపే పంపండి.

వీధి కుక్కలకు గోళ్లు ఎవరు తీస్తున్నారని మీరు అడిగారు. అవి పగలంతా మట్టిలో, రాళ్ల మీద, సిమెంటు రోడ్ల మీద తిరుగుతాయి కనుక వాటి గోళ్లు చాలావరకు వాటంతటవే అరిగిపోతాయి. మన పాత ఇంటి పెరట్లో జామచెట్టు కింద గోతులు తవ్వినంత కాలం చిట్టికీ ఆ అవసరం రాలేదు. ఫ్లాటుకు మారిన తరువాత దానికి మిగిలింది నున్నటి టైల్సు, సాయంత్రం లిఫ్టులో దిగి వేసే నాలుగు అడుగులు మాత్రమే. వీడియో కాల్‌లో అది నడుస్తుంటే టకటకమని వినిపించే చప్పుడుకు మీరు మురిసిపోతారు గానీ, నిలబడినప్పుడు గోళ్లు నేలకు ఆనుతున్నాయంటే అవి పెరిగిపోయాయని అర్థం. అలా ఆనినప్పుడల్లా వేళ్లు వెనక్కి నెట్టుకుపోయి, నడక తీరు మారి, ఆ భారమంతా కీళ్ల మీద పడుతుంది. మెట్లు ఎక్కనని మొరాయించడానికి వయసు కొంత కారణమైతే కావచ్చు, కానీ ముందు గోళ్లు తీయించి చూడండి.

ముందు కాళ్లకు లోపలి వైపు, కాస్త పైన ఉండే గోరును మరిచిపోవద్దు. అది నేలకు తగలదు కనుక అరగదు, వదిలేస్తే గుండ్రంగా తిరిగి చర్మంలోకే దిగుతుంది.

ఇక గోళ్లు తీయబోతే రక్తం వస్తుందేమోనన్న మీ భయం న్యాయమైనదే. గోరు లోపల నరమూ రక్తనాళమూ ఉండే మెత్తని భాగం ఒకటి ఉంటుంది, అది తెగితే నొప్పీ రక్తమూ తప్పవు. తెల్లగోళ్లలో అది గులాబి రంగులో కనబడుతుంది గానీ చిట్టివి నల్లగోళ్లు. అందుకే ఒక్కసారిగా కోయకుండా, కొబ్బరి తురిమినట్టు కొంచెం కొంచెంగా తీస్తూ, కోసిన చోట నడిమధ్య చిన్న చుక్క కనబడగానే ఆపాలి. పొరపాటున రక్తం వస్తే కార్న్ ఫ్లోరు అద్ది కాసేపు నొక్కి పట్టండి. గోరు పెరిగిన కొద్దీ ఆ మెత్తని భాగమూ ముందుకు పెరుగుతుంది, తరచుగా కొద్దికొద్దిగా తీస్తుంటే క్రమంగా వెనక్కి తగ్గుతుంది. కనుక ఏడాదికొకసారి ఆసుపత్రిలో తీయించి చేతులు దులుపుకుంటే సరిపోదు, మూడు నాలుగు వారాలకొకసారి చూసుకోవాలి.

మా పిల్లి సోఫా చీరేస్తున్నదని విని, గోళ్లు పూర్తిగా పీకించేయకూడదా అని అమ్మ అడిగింది. పిల్లికి గోళ్లు తీసివేయడమంటే వేలి చివరి ఎముకను కోసివేయడమేనమ్మా. వైద్యపరమైన అవసరం లేకుండా ఆ పని చేయడాన్ని మా న్యూయార్క్ 2019లో, అమెరికాలోని రాష్ట్రాలన్నిటికంటే ముందుగా, నిషేధించింది. దాని గోళ్లు పాదంలోకి ముడుచుకుంటాయి కనుక చప్పుడు వినబడదు, చూస్తేనే తెలుస్తుంది. అది నిద్రలో ఉండగా నేను కొనలు మాత్రం తీస్తాను.

వచ్చే నెల ఇండియాకు వస్తున్న మీ అల్లుడి చేత కుక్కల కట్టరు పంపుతున్నాను. మనుషుల నెయిల్ కట్టరు వాడకండి, గోరు నలిగి చీలుతుంది. నాన్నగారూ, మీ చెయ్యి వణుకుతున్నదని నాకు తెలుసు, అందులో దాచవలసినదేమీ లేదు. మొదటిసారి పశువుల డాక్టరు గారి చేత తీయించి, ఎలా తీస్తున్నారో తమ్ముడిని దగ్గర నిలబడి చూడమనండి. ఆ తరువాత తమ్ముడు కత్తిరిస్తాడు, మీరు దాని తల ఒడిలో పెట్టుకొని కబుర్లు చెబితే చాలు, మీ మాట వింటే అది కదలదు. మంగళ, శుక్రవారాలు గోళ్లు తీయకూడదని అమ్మ అంటుంది కనుక ఆదివారం పెట్టుకోండి.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి