గ్రేట్ నికోబార్: గ్యాస్ కేంద్రం కంటే ముందు హక్కుల లెక్క తేల్చండి

గౌరవనీయులైన కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రి శ్రీ జుయల్ ఓరాం గారికి,

అండమాన్ నికోబార్ దీవుల్లోని గ్రేట్ నికోబార్ ద్వీపంలో ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్, విద్యుత్ కేంద్రం కట్టే ప్రాజెక్టు తలపెట్టారు. దాని మీద నడిచే చర్చంతా ఓడరేవు, విమానాశ్రయం చుట్టూనే తిరుగుతోంది. గ్యాస్, సౌరశక్తితో నడిచే 450 ఎం.వీ.ఏ. (మెగావోల్ట్ ఆంపియర్ల) విద్యుత్ కేంద్రం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మొత్తం 166.10 చదరపు కిలోమీటర్లలో దాని వాటా 0.39 మాత్రమే కనుక అది ఎవరి కంటా పడదు.

కానీ ఆ కరెంటు ఎవరి కోసం? ద్వీపంలో ఇప్పుడున్నది సుమారు 8,000 మంది. ఇంటికి నలుగురు, ఒక్కో ఇంటికి ఒక కిలోవాట్ అనుకున్నా మొత్తం అవసరం 2 మెగావాట్లు దాటదు. అందులో నిజంగా పనికొచ్చే వాటా (పవర్ ఫ్యాక్టర్) 0.8 అనుకుంటే 450 ఎం.వీ.ఏ. అంటే 360 మెగావాట్లు. అంటే ఈ కేంద్రం ఉన్నవాళ్ల కోసం కాదు, రాబోయే రేవు కోసం, టౌన్‌షిప్ కోసం. వాటికి అక్కడి ఆదివాసులు ఒప్పుకోనప్పుడు ఈ కేంద్రానికీ ఒప్పుకోనట్టే.

గ్యాస్‌ను మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిచి, ద్రవంగా ఓడల్లో తెస్తారని అనుకుందాం. దానికి లోతైన జెట్టీ, నిల్వ ట్యాంకులు, ద్రవాన్ని తిరిగి గ్యాస్‌గా మార్చే యూనిట్ కావాలి. వేడి చేయడానికి సముద్రపు నీటిని వాడితే, చల్లబడిన నీరు మళ్లీ సముద్రంలోకే పోతుంది. రాత్రంతా దీపాలు వెలుగుతూనే ఉంటాయి. రేవుకు ఎంచుకున్న గలాథియా బే ఒడ్డున లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఇసుకలోంచి బయటపడిన పిల్లలు వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి. సహజంగా ఆ వెలుతురు సముద్రం వైపు ఉంటుంది. గట్టు మీద దీపాలుంటే అవి లోపలికి పాకి, తెల్లవారేసరికి ఎండకో కుక్కలకో బలైపోతాయి.

ఇది భూకంపాల ముప్పు చాలా ఎక్కువగా ఉన్న ప్రాంతం. 2004 డిసెంబరు 26న భూకంపం, సునామీ వచ్చినప్పుడు ద్వీపం దక్షిణ కొసన ఉన్న ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. లైట్‌హౌస్ అడుగుభాగం నీళ్లలోకి పోయింది. నేల అన్నిచోట్లా ఒకేలా కుంగదు. ట్యాంకు ఒక మట్టంలో, పైపు మరో మట్టంలో ఆగితే ముందు తెగేది వాటి అతుకే.

ఆ సునామీకే ఇక్కడి ఆదివాసులైన నికోబారీల పడమటి, దక్షిణ తీరపు ఊళ్లు పోయాయి. మిగిలినవాళ్లను రాజీవ్ నగర్‌కు, న్యూ చింగెన్‌కు తరలించారు. పాత ఊళ్లకు తిరిగి వెళ్లనివ్వమని వాళ్లు అప్పటినుంచీ అడుగుతూనే ఉన్నారు. 2022 ఆగస్టులో వాళ్ల తరఫున మాట్లాడే లిటిల్ అండ్ గ్రేట్ నికోబార్ ట్రైబల్ కౌన్సిల్ ఈ ప్రాజెక్టుకు నిరభ్యంతర పత్రం ఇచ్చింది. ఆ పాత ఊళ్ల నేల కూడా ప్రాజెక్టులోకి పోతోందని తెలిశాక, అదే ఏడాది నవంబరులో వెనక్కి తీసుకుంది. విషయం పూర్తిగా చెప్పకుండా తీసుకున్న అంగీకారం అంగీకారం కాదు.

అటవీ హక్కుల చట్టం కింద ఆదివాసుల హక్కులన్నీ గుర్తించి పరిష్కరించామని 2022 ఆగస్టు 18న ద్వీపాల పాలనాయంత్రాంగం ధ్రువపత్రం ఇచ్చింది. అసలు ఆ ప్రక్రియే మొదలు కాలేదని కౌన్సిల్ 2025లో మీకే రాసింది. ఈ రెండింటిలో ఒకటే నిజం కాగలదు. ఏది నిజమో తేల్చడం కష్టమేమీ కాదు, చట్టం అడిగే కాగితాలు చూస్తే చాలు. హక్కుల కమిటీని గ్రామసభ ఎన్నుకున్న తీర్మానం ఉందా? క్లెయిములకు మూడు నెలల గడువిచ్చిన నోటీసు ఉందా? స్థల పరిశీలన చేసి గీసిన పటం ఉందా? సభ్యుల్లో సగం మంది, వచ్చినవాళ్లలో మూడో వంతు మహిళలు ఉన్నారని చూపే హాజరుపట్టీ ఉందా? సబ్ డివిజన్ కమిటీ, జిల్లా కమిటీ మినిట్స్ ఉన్నాయా? మన ఏజెన్సీ గ్రామాల్లో క్లెయిము పెట్టుకున్న ఏ రైతును అడిగినా ఇవేమిటో చెబుతాడు.

ఈ ద్వీపపు అడవుల్లో బతికే మరో ఆదివాసీ తెగ షోంపెన్ల విషయం ఇంకా సున్నితం. 2011 జనగణనలో వాళ్లు 229 మంది. అడవి లోపల చిన్న గుంపులుగా తిరుగుతూ, మొగలి జాతి కాయలు, అడవిపంది, తేనె మీద బతుకుతారు. చాలామంది బయటివాళ్లకు దూరంగానే ఉంటారు. మనకు మామూలు జలుబు వాళ్లకు ప్రాణాంతకం కావచ్చు. అలాంటివాళ్లను సభకు పిలిచి చేతులెత్తించడం కుదరదు. వాళ్ల తరఫున ఏ ఉద్యోగి సంతకం పెట్టినా అది వాళ్ల మాట కాదు. చట్టంలోని సెక్షన్ 3(1)(ఇ) వాళ్ల ఆవాసం మొత్తానికీ హక్కు ఇస్తోంది. ఆ హక్కు అందేలా చూడాల్సింది జిల్లా కమిటీ. పెద్ద ప్రాజెక్టుల కంటే షోంపెన్ల క్షేమమే ముందు చూడాలని 2015 నాటి షోంపెన్ విధానమూ చెబుతోంది.

ఇక్కడ కొట్టేసే అడవి నష్టాన్ని హర్యానాలో మొక్కలు నాటి పూడుస్తామంటున్నారు. అక్కడి మొక్క షోంపెన్‌కు కాయ ఇవ్వదు, గలాథియాకు నీడా ఇవ్వదు.

అటవీ హక్కుల చట్టానికి నోడల్ మంత్రిత్వశాఖ మీది కనుక ఇవి మీ చేతిలో పనులే. పైన అడిగిన కాగితాలను తెప్పించి బహిరంగపరచండి. అవి లేకపోతే ఆ ధ్రువపత్రాన్ని రద్దు చేయమని పర్యావరణ శాఖకు రాయండి. హక్కులు తేలేవరకు చెట్టు కొట్టడానికి, జెట్టీ కట్టడానికి అనుమతులు ఆపించండి. ట్రైబల్ కౌన్సిల్ లేఖకు జవాబును హిందీలోనూ నికోబారీలోనూ రాతపూర్వకంగా పంపి, రాజీవ్ నగర్‌లో, న్యూ చింగెన్‌లో అందరి ముందూ చదివించండి.

ఇట్లు,
అటవీ హక్కుల అమలు మీద పనిచేస్తున్నవాళ్లం