తెరేజమ్మ పండుగ తర్వాత ఆదివారం, ఆడపిల్లలతో సిస్టర్ల మాట

అందరికీ వందనాలు.

అక్టోబర్ 1 చిన్న తెరేజమ్మ పండుగ కదా. ఆ తర్వాతి ఆదివారం, రెండో పూజ అయిన వెంటనే, గుడి వెనక హాల్లో సిస్టర్లు మఠ జీవితం గురించి మాట్లాడతారు. ఇంటర్, డిగ్రీ పిల్లలు, వాళ్ళ అమ్మలు తప్పకుండా రండి.

తెరేజమ్మ ఫ్రాన్స్‌లో 15 ఏళ్ళకే కార్మెల్ సభ సిస్టర్ల మఠంలో చేరింది, 24 ఏళ్ళకే కన్నుమూసింది. చేరాక ఆ గడప దాటి ఏ దేశమూ పోలేదు. అయినా 1927లో మిషన్లకు, అంటే దూరదేశాల్లో సువార్త పనికి, పాలక పునీతురాలైంది. ప్రార్థన అంత దూరం పోతుంది!

అమ్మల టెన్షన్ నాకు తెలుసు. మా మేనత్త మఠానికి పోయేరోజు మా జేజి ట్రంకు పెట్టెలో చీరలు మడిచిపెట్టి, తీసి, మళ్ళీ మడుస్తూ ఏడ్చింది. కానీ ఇందులో తొందరేమీ లేదు. నోవిషియేట్‌కు (వ్రతాలకు ముందు మఠంలో శిక్షణ కాలం) 17 ఏళ్ళు నిండాలి, అది కనీసం ఏడాది. తర్వాత కనీసం మూడేళ్ళు తాత్కాలిక వ్రతాలు. శాశ్వత వ్రతాలు ఆ తర్వాతే. పిల్ల బాగా ఆలోచించుకోవడానికే ఇంత గడువు.

పేర్లు గురువారంలోగా నాకు మెసేజ్ పెట్టండి, ఉగ్గాని బజ్జీ లెక్క చెప్పాలి. చెన్నూరు, వల్లూరు వాళ్ళు కలిసి ఒకే ఆటోలో వస్తే మంచిది.

అడగాలనుకున్నవి చీటీ మీద రాసుకురండి, పేరు అక్కర్లేదు.