దవాఖాన కిటికీల మీది షీట్లు తీయించండి: వైద్యారోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

సర్కారు దవాఖానల్లో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైనదాన్ని. ప్రజావాణిలో మూడుసార్లు అర్జీ ఇచ్చాను. మూడోదానికి "సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. సంబరంగా వెళ్లి చూస్తే బాలింతల వార్డులో ఇంకో ఎనిమిది ఎల్‌ఈడీ లైట్లు బిగించి ఉన్నాయి. నేనడిగింది పగటి వెలుతురు సార్!

మా కొత్త మాతాశిశు బ్లాకుకు కిటికీలు లేక కాదు. తూర్పు గోడ నిండా ఉన్నాయి. ప్రారంభోత్సవానికి ముందు ఎలివేషన్ కోసమని, అంటే బయటి అందం కోసమని, వాటి మీద బయటి నుంచి ఏసీపీ (అల్యూమినియం ప్యానెల్) షీట్లు కొట్టేశారు. వేడి, పొడి వాతావరణం ఉన్నచోట గది వైశాల్యంలో పదో వంతైనా కిటికీలుండాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. కాగితం మీద మా వార్డు పాసే.

మొన్న నా మనవరాలు అక్కడే పుట్టింది. మూడో రోజు ఒళ్లు పచ్చబడుతోందని నాకు అనుమానం. పసిబిడ్డకు పసిరికలు (కామెర్లు) ఉన్నాయా లేదా అన్నది పగటి వెలుతురులో, చర్మాన్ని వేలితో నొక్కి వదిలి చూడాలి. లైట్ల కింద రంగు మోసం చేస్తుంది. ట్రైనింగ్‌లో మాకు నేర్పిందదే. బిడ్డనెత్తుకుని వరండా పొడుగునా నడిచి మెట్ల మలుపు దగ్గరికి వెళ్లాను. షీటు పడని కిటికీ అదొక్కటే. అప్పటికే అక్కడ ముగ్గురు తల్లులున్నారు. ఒకామెకు ఆపరేషనై రెండు రోజులే. కుట్ల మీద చెయ్యి పెట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

నా అనుమానం నిజమేనని రక్తపరీక్షలో తేలింది. పాపను రెండు రోజులు ఫొటోథెరపీలో (కామెర్లు తగ్గించే ప్రత్యేక లైట్ల కింద) పెట్టారు, ఇప్పుడు బాగుంది. నర్సును కాబట్టి నేను పట్టుకున్నాను. పసిరికలు ముదిరితే మెదడు దెబ్బతింటుందని మీ శాఖకు నేను చెప్పాలా?

స్వచ్ఛమైన గాలి తర్వాత రోగికి కావాల్సింది వెలుతురేనని ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లోనే రాసింది. ఏటా మే 12న ఆమె ఫొటోకు మీవాళ్లు దండ వేస్తూనే ఉన్నారు. ఉస్మానియా దవాఖాన పాత భవనంలో ఎత్తైన కప్పులు, వరండాలు పెట్టినవాళ్లు మనకంటే తెలివితక్కువవాళ్లా?

షీట్లు తీయించండి సార్. బిల్డింగ్ కూల్చమనలేదు, కొత్తది కట్టమనలేదు. స్క్రూలు విప్పితే చాలు. ఇంజినీర్లను అడిగితే "డిజైన్‌లో ఉంది మేడమ్" అంటున్నారు. సూపరింటెండెంట్ గారు పైకి రాశామంటున్నారు. ఆ పైన ఉన్నది మీరే కదా?

అదీ కుదరదంటే, ఆ మెట్ల మలుపు దగ్గర ఒక బెంచీ వేయించండి. కుట్లున్న తల్లులు నిలబడలేకపోతున్నారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్ నర్సు